చెయ్యిచ్చిన శుక్రవారం

నాకు కుదురు లేదు. ఈ మాట మొదట మా అమ్మ అనేది, ఇప్పుడు మా ఆవిడ ఫోనులో అంటోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా తిరుగుతుంటానట. "ఒగచోట కూర్చోని మాట్లాడబ్బా, ఈడ నాకు తల తిరుగుతాంది" అంటుంది. అల్ వర్సాన్‌లో మా క్యాంపు గదిలో ఆరుగురం ఉంటాం. రెండంతస్తుల మంచాలు మూడు పోగా నడవడానికి మిగిలేది పదకొండు అడుగులు. ఆ పదకొండు అడుగుల్లోనే నా దుబాయ్ జీవితం సగం గడిచింది.

2020లో క్యాంపు గేట్లు మూసేసినప్పుడు ఈ జబ్బు ముదిరింది. తర్వాత గేట్లు తెరిచారు, పనిలోకి రమ్మన్నారు, కాని మనిషికి మనిషికి మధ్య దూరం అలాగే ఉండిపోయింది. నేను పైపులు, కుళాయిలు, బాత్రూం సామాను నిలవచేసే వేర్‌హౌస్‌లో స్టోర్ కీపర్ని. రోజూ లారీ డ్రైవర్లు వస్తారు. వచ్చినవాళ్ళతో మోచేతులు తగిలించుకునేవాళ్ళం, లేదా పిడికిలికి పిడికిలి ఆనించేవాళ్ళం. ఏదో కోళ్ళు పొడుచుకున్నట్టు ఉండేది. ఏడాదిన్నర పాటు నా అరచేతికి ఇంకో మనిషి అరచేయి తగల్లేదు. సబ్బు తగిలింది, శానిటైజర్ తగిలింది, అంతే. జరిగిన తప్పుకి ఇదొక్కటే కారణమని నేను అనను. కాని ఇది లేకపోతే ఆ తప్పు జరిగేది కాదు.

ఇంకో కారణం నా మారుపేరు. క్యాంపులో తెలుగువాళ్ళందరూ నన్ను 'వస్తాదు' అంటారు. నా ఒళ్ళు చూసి ఎవరైనా నిజమే అనుకుంటారు. మెడ కనబడదు, పొట్ట నాకంటే ముందు గదిలోకి వస్తుంది, మీసం ఉంది. కాని ఆ పేరు వచ్చిన తీరు వేరు. చేరిన కొత్తలో నీళ్ళ క్యాను ఒంటిచేత్తో ఎత్తి చూపిస్తానని అందరి ముందూ పందెం కాశాను. నడుం పట్టేసింది. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు నుంచి నేను వస్తాదుని.

ఆ పేరు పెట్టినవాడు నైఫ్ బజారులో బట్టలు కుట్టే నెల్లూరు టైలరు. నేను భాయ్ అంటాను. నోరు పెద్దది, గుండె అంతకంటే పెద్దది. 2021 చివర్లో, ఆంక్షలు ఒక్కొక్కటే సడలుతున్న రోజుల్లో, శుక్రవారం పొద్దున్నే ఫోను చేశాడు.

"ఏందబ్బయా, ఆ గదిలో పడి తిరగతా ఉంటే కాళ్ళరగడం తప్ప ఏముంది? సాయంత్రం దేరా వచ్చెయ్. పంజాబీవాళ్ళ కుస్తీలు మళ్ళా మొదలుపెట్టినారంట."

వెళ్ళాను. మార్కెట్ వెనక పెద్ద ఖాళీ స్థలం. అంతకుముందు ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం సాయంత్రం అక్కడ కుస్తీలు జరిగేవట. సరిహద్దుకి ఇటువైపు పంజాబు, అటువైపు పంజాబు, ఇద్దరూ అక్కడే కలిసేవాళ్ళు. మధ్యలో ఇసుక తవ్వి, నీళ్ళు చల్లి, చేతుల్తో చిదిపి మెత్తగా చేశారు. చుట్టూ జనం గుండ్రంగా కూర్చున్నారు. చేతికర్రతో ఒక పెద్దాయన జనాన్ని వెనక్కి నెడుతున్నాడు. గడ్డానికి గోరింటాకు పెట్టుకుని ఎర్రగా ఉన్నాడు. జోడీలు కుదిర్చేదీ, ఎవరు గెలిచారో చెప్పేదీ ఆయనే. ఒకప్పుడు జనం రోడ్డు దాకా నిలబడేవాళ్ళని భాయ్ చెప్పాడు. ఆ రోజు నాలుగు వరసలు కూడా లేవు.

ముందు వరసలోకి దారి కోసం భాయ్ తన అలవాటు ప్రకారం తెలుగులోనే గొంతెత్తాడు. "జరగండయ్యా జరగండి, మా వస్తాదొచ్చినాడు, వస్తాదు!"

వాళ్ళకి తెలుగు రాదు. 'ఉస్తాద్' మాత్రం వినబడింది. మనకి వస్తాదంటే కండలున్నవాడు, వెక్కిరింపుకైనా వాడతాం. వాళ్ళ గోదాలో ఉస్తాద్ అంటే గురువు, నలుగురికి కుస్తీ నేర్పినవాడు. ఎర్రగడ్డం పెద్దాయన నా మెడ చూశాడు, మీసం చూశాడు, పొట్ట చూశాడు. జనాన్ని పక్కకి జరిపి, తను పరుచుకున్న దుప్పటి మీద నాకు చోటిచ్చాడు. నేనేం చెయ్యాలి? నిజం చెప్పి లేచిపోవచ్చు. కాని ఇన్నేళ్ళ దుబాయ్‌లో ఎవరూ నాకు దుప్పటి మీద చోటివ్వలేదు. మీసం ఒకసారి సవరించుకుని కూర్చున్నాను.

కుర్రాళ్ళ కుస్తీలు అయిపోయాక ఒక పహిల్వాన్ దిగాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు. తల మీద జుట్టు ముడి, తెల్లబడిన గడ్డం, ఛాతీ మీద కూడా నెరిసిన వెంట్రుకలు. తొడ చరిచాడు. తొడగొట్టడం మా సీమవాళ్ళ సొంత ఆస్తి అని అప్పటిదాకా నా నమ్మకం. ఆ చప్పుడు విన్నాక ఆ నమ్మకం పోయింది. తొడగొట్టి, చెయ్యి ముందుకి చాపి, జనం ముందు నుంచి గుండ్రంగా నడుస్తున్నాడు. ఎవరూ కదల్లేదు. కుర్రాళ్ళు ఫోన్లలోకి తలదించుకున్నారు. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో సరిగ్గా నా ముందు ఆగాడు. చెయ్యి చాపి చిరునవ్వు నవ్వాడు.

ఏడాదిన్నర! ఒక మనిషి నాకు చెయ్యిస్తున్నాడు, మోచెయ్యి కాదు, పిడికిలి కాదు. నేను ఒక్క ఉదుటున లేచి రెండు చేతుల్తో పట్టేసుకున్నాను. ఇసుక, చెమట, వెచ్చదనం. ఎంత బాగుందో చెప్పలేను, కళ్ళు చెమర్చాయి. ఆయన వెంటనే వదల్లేదు. బొటనవేలితో నా అరచేయి మధ్యలో నొక్కి, నా మొహంలోకి చూసి, మళ్ళీ నవ్వాడు. అప్పుడే ఢోలు మోగింది. జనమంతా ఒక్కసారి అరిచారు.

భాయ్ మొహం మాడిపోయింది. "ఓరి నీ దుంప దెగ! ఎందుకిచ్చావ్ చెయ్యి?"

"పలకరించినాడు గదా, ఇచ్చినా."

"పలకరించడమా నా బొందా! ఈడ చెయ్యిచ్చినావంటే కుస్తీ పడతానని ఒప్పుకున్నట్టు. నలుగురి ముందర చెయ్యిచ్చి రాకపోతే, ఓడిపోయినదానికంటే అన్యాయం."

పెద్దాయన కర్ర ఎత్తి ప్రకటించేశాడు. పొద్దు దిగిపోయింది కాబట్టి వచ్చే శుక్రవారం, పహిల్వాన్‌కీ మద్రాసీ ఉస్తాద్‌కీ కుస్తీ. "మద్రాసీ కాదు, ఆంధ్రా" అన్నాను. ఢోలు చప్పుడులో ఎవరూ వినలేదు. చూడండి నా తెలివి. దిద్దాల్సిన మాట అదొక్కటే అన్నట్టు దిద్దాను.

ఆ వారం నేను తిన్నది లేదు, కూర్చున్నది లేదు. ముదీర్, అంటే మా మేనేజరు, ఒకరోజు నన్ను చూసి, "ఏమైంది, నిలబడే రాస్తున్నావు లెక్కలు?" అని అడిగాడు. తప్పు ఒప్పేసుకుంటే సరిపోతుంది, పంజాబీవాళ్ళు మంచోళ్ళు, నవ్వి వదిలేస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను. ఎలా చెప్పాలో హిందీలో వాక్యం కూడా తయారుచేసుకున్నాను. నైఫ్ వెళ్ళి భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పొద్దామనుకుంటుండగా, మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ పహిల్వానే వచ్చేశాడు.

ఆయన ట్రేలర్ డ్రైవరు. పక్క వేర్‌హౌస్‌కి లోడు తెచ్చాడట. నా చోటు ముందే భాయ్‌ని అడిగి పెట్టుకున్నాడట. గేటు దగ్గర వాచ్‌మన్‌ని, 'ఉస్తాద్ జీ' ఎక్కడుంటారని అడిగాడట. వాచ్‌మన్ నవ్వాపుకుంటూ నా దగ్గరికి పంపాడు. తలపాగా కట్టుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెళ్ళి చూపులకి వచ్చినట్టు వచ్చాడు. ఒక చేతిలో బాదం పప్పుల డబ్బా, ఇంకో చేతిలో ఆవనూనె సీసా. చెయ్యి కలిపినవాడి ఒళ్ళు బాగుండాలని చూడ్డం కూడా మర్యాదేనట. రోజూ బాదం నానబెట్టుకుని తినమన్నాడు. నూనె నడుముకి రాయించుకోమన్నాడు. నడుం సంగతి ఈయనకి ఎలా తెలిసిందని ఉలిక్కిపడ్డాను. నా నడక చూసి చెప్పాడట.

పైపుల దొంతర మీద నీడలో కూర్చున్నాం. ఆయన తన ఊరి గురించి చెప్పాడు. మనం తిరునాళ్ళలో పట్టే కుస్తీల్లాంటివాటిని వాళ్ళు ఛింజ్ అంటారట. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చేవి. కుస్తీ ఒక్కటే కాదు, కబడ్డీ, ఎడ్లబళ్ళ పందెం, గోనెబస్తా పళ్ళతో ఎత్తడం, రాతిగుండు భుజం మీదికి ఎత్తడం. ఈయన నాన్న ఆ గుండు ఎత్తి ఊరంతా తిరిగాడట. ఇప్పుడా గుండు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కుర్రాళ్ళు కెనడా కాగితాలు నింపుకుంటున్నారు. మిగిలినవాళ్ళు పట్నంలో జిమ్ముకి పోయి అద్దం ముందు నిలబడతారు. పోటీలకి పోయేవాళ్ళు చాప మీద ఆడతారు, మట్టి ముట్టుకోరు.

"మరి మీ అఖాడా?" అన్నాను. కుస్తీ పట్టే చోటుని వాళ్ళు అలా అంటారని అప్పటికి నేర్చుకున్నాను.

"అందులో ఫోన్ టవర్ పెట్టారు ఉస్తాద్ జీ. ఇప్పుడు మా ఇంట్లో సిగ్నల్ చాలా బాగా వస్తుంది." నవ్వాడు. "మీ ఊళ్ళో?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పలేదు. అదే నా ఖర్మ. మా ఊళ్ళో గడియారం స్తంభం వెనక కుస్తీ నేర్పే తాలింఖానా ఉండేదని చెప్పాను. మా నాయన నన్ను ఎనిమిదేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఎర్రమట్టి, నూనె వాసన. అక్కడి వస్తాదు నా వీపు మీద గుప్పెడు మట్టి వేసి రుద్దాడు. నేను కెవ్వున ఏడ్చి, చెయ్యి విడిపించుకుని, మూడు వీధులు పరిగెత్తి ఇంటికొచ్చి మంచం కింద దూరాను. ఏడుపు, పరుగు సంగతి మాత్రం ఆయనకి చెప్పకుండా మింగేశాను. ఇప్పుడది గ్యాస్ సిలిండర్ల గోడౌన్ అని చెప్పాను.

"అక్కడ కూడానా" అన్నాడు ఆయన.

తర్వాత అసలు మాట చెప్పాడు. మార్చిలో వీసా కాన్సిల్, ఇక ఇంటికే. ఇరవై రెండేళ్ళుగా సెలవున్న ప్రతి శుక్రవారం ఆ ఇసుకలో దిగినవాడు. పోయేలోగా ఒక్క కుస్తీ పట్టాలి. కాని ఆయన ఈడువాళ్ళు, ఆయన బరువువాళ్ళు కరోనాలో ఇళ్ళకి పోయి తిరిగి రాలేదు. కుర్రాళ్ళు చెయ్యివ్వరు. గెలిస్తే ముసలాణ్ణి పడేశాడంటారు, ఓడితే ముసలాడి చేతిలో పడ్డాడంటారు. అయిదు శుక్రవారాలు చెయ్యి చాపి తిరిగాడట.

"మా ఉస్తాద్ చెప్పాడు. అఖాడా వదిలే రోజు ఎదురుగా ఒక మనిషి ఉండాలి, లంగోటీ ఒంటరిగా విప్పకూడదు అని. ఊళ్ళో విప్పుదామంటే ఊళ్ళో అఖాడా లేదు. ఇక్కడ మీరొక్కరే చెయ్యిచ్చారు." లేచి నిలబడ్డాడు. "మీరు వచ్చి నిలబడండి ఉస్తాద్ జీ, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఏమిటీ పొగరు, నిలబడితే చాలట, మిగతాది ఈయన చూసుకుంటాడట అనుకున్నాను. మూడుసార్లు నోరు తెరిచాను నిజం చెబుదామని. మూడుసార్లూ లోడు గురించే అడిగాను. ఇంతలో ఆయన లోడు దించేశారని ఫోనొచ్చింది, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం గదిలో అటూ ఇటూ నడుస్తూ బాదంపప్పులు తినడం మొదలుపెట్టాను. నానబెట్టలేదు, లెక్కపెట్టలేదు. రెండు రోజుల్లో డబ్బా ఖాళీ.

గురువారం ముదీర్ దగ్గరికి నేనే వెళ్ళాను. ఉమ్ అల్ క్వైన్‌లో మా కంపెనీకి చిన్న గోడౌను ఉంది. అక్కడి సరుకు సరిచూడాలని ఆయన నెల నుంచి అంటున్నాడు, ఎవరూ కదలడం లేదు. "రేపు నేను పోతాను" అన్నాను.

"రేపు జుమ్మా కదా, నీ సెలవు."

"పర్వాలేదు సార్, ఖలాస్ చేసేస్తాను."

ఆయన నన్ను మెచ్చుకున్నాడు. ఎవరూ నన్ను పంపలేదు, ఎవరూ ఆపలేదు. నా కాళ్ళతో నేనే పారిపోయాను. ఆ శుక్రవారమంతా రేకుల షెడ్డులో కుళాయిలు సరిచూశాను. ఒకే వరసని నాలుగుసార్లు చూసి నాలుగు రకాల సంఖ్యలు రాశాను. సాయంత్రం నమాజు వేళ అయ్యేసరికి కూర్చోలేక బయటికొచ్చి, కంచె వెంబడి షెడ్డు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మూడో చుట్టులో నాకే గుర్తొచ్చింది, ఆయన కూడా ఈ సమయానికి ఇలాగే గుండ్రంగా తిరుగుతూ ఉంటాడని. భాయ్ ఏడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

ఆదివారం సాయంత్రం పని దిగి గదికి వచ్చేసరికి భాయ్ నా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక సంచి.

"పొద్దు గూకిందాకా లంగోటీ కట్టుకుని నిలబడినాడబ్బయా" అన్నాడు. "చలిగాలి. ఒళ్ళంతా మట్టి పూసుకుని. ఆ ఎర్రగడ్డం సాయిబు, అవతలోడు రాలేదు గదా, నువ్వు గెలిచినావని చెయ్యెత్తబోతే ఎత్తనియ్యలా. ఏమన్నాడో తెలుసా? కంపెనీ ఛుట్టీ ఇచ్చి ఉండదు, ఉస్తాద్ జీ మాట తప్పే మనిషి కాదు, వచ్చే శుక్రవారం వస్తాడు అన్నాడు."

నేను నేల చూపులు చూస్తున్నాను.

"నిజం చెప్పు. కంపెనీ ఇయ్యలేదా?"

"నేనే అడిగి పోయినా భాయ్."

"థూ" అన్నాడు. అని, వెంటనే నవ్వాడు, కాని ఆ నవ్వులో నవ్వు లేదు. "వాళ్ళ లెక్కలో ఆ రోజు చెయ్యిచ్చినావు. మన లెక్కలో మొన్న చెయ్యిచ్చినావు. రెండు భాషల్లోనూ సరిపోయింది గదా నీకు!"

సంచిలోంచి ఒక పొట్లం తీసి నా ఒళ్ళో పడేశాడు. ఎర్రగుడ్డతో కుట్టిన లంగోటీ. నా నడుం కొలత ఆయనకి తెలుసు, నా ప్యాంట్లన్నీ కుట్టేది ఆయనే. రెండు వరసల కుట్టు వేశాడు, చిరగకుండా. "ఓడిపోరా, ఎవడు వద్దన్నాడు. ఒక్క నిమిషం. పడేస్తాడు, లేస్తావు, చాయ్ తాగుదాం" అన్నాడు.

నేను భయపడింది నడుముకని అందరూ అనుకుంటారు. కొంత అదీ ఉంది, నడుం పోతే నా ఉద్యోగం పోతుంది. కాని అసలు భయం అది కాదు. ఇసుకలో దిగిన మరుక్షణం అక్కడున్న ప్రతి మనిషికీ తెలిసిపోతుంది, నేను వస్తాదుని కానని. దుప్పటి మీద చోటిచ్చిన పెద్దాయనకి తెలుస్తుంది. 'అక్కడ కూడానా' అని నాతో కలిసి బాధపడ్డ పహిల్వాన్‌కి తెలుస్తుంది. ఎనిమిదేళ్ళప్పుడు మంచం కిందికి దూరినవాడే నలభై మూడేళ్ళకీ దూరాడు.

రెండో శుక్రవారం వెళ్ళాను. నిజంగానే వెళ్ళాను. లంగోటీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను, దేరాలో దిగాను, ఢోలు చప్పుడు వినబడేంత దగ్గరికి నడిచాను. రోడ్డు పక్కన ఒక పికప్ ఆగి ఉంది. దాని వెనక నిలబడి చూశాను. పహిల్వాన్ గోదాలో ఉన్నాడు. తొడ చరవడం లేదు, చెయ్యి చాపడం లేదు. జనం తలల మీదుగా రోడ్డు వైపు చూస్తున్నాడు. ప్రతి లావుపాటి మనిషి వచ్చినప్పుడల్లా మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు. ఒకసారి నేనున్న వైపుకే చూశాడు. నేను చటుక్కున కిందికి కూర్చున్నాను. నడుం కలుక్కుమంది. అలాగే వంగి పికప్ చాటున వెనక్కి నడిచి, మలుపు తిరిగాక పరిగెత్తాను. పరుగు నాకు చేతకాదని నా స్నేహితులు అంటారు, ఆ రోజు వాళ్ళు చూసి ఉండాల్సింది.

ఆ తర్వాత జనవరి వచ్చింది. ఈ దేశంలో వారాంతపు సెలవు మారింది. మా కంపెనీ కూడా శుక్రవారం తీసేసి ఆదివారం ఇచ్చింది. క్యాంపులో కొందరు గొణిగారు, నేను మాత్రం బతికిపోయాననుకున్నాను. ఇప్పుడు నిజంగానే కంపెనీ ఛుట్టీ ఇవ్వడం లేదు! గోదాకీ అదే దెబ్బ తగిలిందని భాయ్ చెప్పాడు. కొందరికి శుక్రవారమే సెలవు, కొందరికి ఆదివారం, జోడీ కుదిరితే జనం లేరు, జనం ఉంటే జోడీ లేదు. ఇంకేం, మరిచిపోవచ్చు కదా నేను. మరిచిపోలేకపోయాను. అన్నం కలుపుతుంటే, లెక్క రాస్తుంటే, ఉత్త పుణ్యానికి కుడి అరచేయి దురద పెట్టేది. ఆవనూనె సీసా మూత తియ్యకుండా మంచం కింద ఉంది. ఊడుస్తున్నప్పుడల్లా చీపురుకి తగిలేది.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక శుక్రవారం ఇక ఉండబట్టలేక సగం రోజు సెలవు అడిగాను. ఈసారి సంచిలో పెట్టుకోలేదు. పెట్టుకుంటే తీసే ధైర్యం ఉండదని ప్యాంటు కిందే లంగోటీ కట్టుకున్నాను. బస్సులో కూర్చోలేను, నిలబడలేను, ఆ గుడ్డ ఒరుసుకుంటోంది. యల్లా, పడేస్తే పడేస్తాడు, ఈ రోజుతో అయిపోవాలి అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. దారిలో భాయ్‌కి ఫోను చేసి చెప్పాను. "నిజంగానా?" అన్నాడు. కొట్టు వదిలి రాలేనని, పంజాబీవాళ్ళు మళ్ళీ ఢోలు కొడితే ఫోనులో వినిపించమని అడిగాడు.

ఢోలు లేదు. స్థలం చుట్టూ రేకులు పాతేశారు. సందులోంచి చూస్తే లోపల గుంత తవ్వుతున్న యంత్రం కనబడింది. కుస్తీ పట్టిన ఇసుక ఒక పక్క కుప్ప పోసి ఉంది. రేకుల పక్కన నిలబడి ఎంతసేపు చూశానో తెలియదు. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

"అరే, మద్రాసీ ఉస్తాద్!"

ఎర్రగడ్డం పెద్దాయన. చేతికర్ర ఉంది, నెట్టడానికి జనం లేరు. ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ బెంచీ మీద నలుగురు పంజాబీలు కూర్చుని ఉన్నారు. శుక్రవారం వస్తే కాళ్ళు ఇటే లాగుతాయట, వచ్చి చాయ్ తాగి పోతున్నారట.

"పహిల్వాన్ జీ?" అన్నాను.

"వెళ్ళిపోయాడు కదా! కంపెనీ ముందే పంపేసింది, పదిరోజులైంది. మీకు చెప్పలేదా?" పెద్దాయన మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "వీరే. పహిల్వాన్‌ని పట్టి ఆపిన ఉస్తాద్ వీరే."

నాకు అర్థం కాలేదు. పెద్దాయన నాకే నా కథ చెప్పాడు. గోదా మూసేశాక పహిల్వాన్ ఒక శుక్రవారం వచ్చి అందరికీ చెప్పాడట. తను ట్రేలర్ వేసుకుని వర్సాన్ వెళ్ళాననీ, క్యాంపు వెనక ఇసుకలో ఉస్తాద్ జీ తనతో కుస్తీ పట్టాడనీ, గంట సేపు ఎవరూ ఎవర్నీ పడెయ్యలేకపోయారనీ. చివరికి బరాబర్, ఇద్దరూ సమానం అని విడిపోయారట. అక్కడే, ఉస్తాద్ జీ ఎదురుగానే లంగోటీ విప్పేశాడట. ఇక బాకీ లేదు, హాయిగా ఇంటికి పోతున్నానని అందరికీ మిఠాయి పెట్టాడట.

"నాలుగేళ్ళుగా ఆయన్ని ఎవరూ గంటసేపు ఆపలేదు" అన్నాడు బెంచీ మీద ఒకతను, నా వైపు చూస్తూ లేచి నిలబడి.

పెద్దాయన నాకు చెయ్యి చాపాడు.

ఆ చేతి వైపు చూశాను. ఇవ్వకపోతే పహిల్వాన్ అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇస్తే నేను చెప్పినట్టవుతుంది. ఇచ్చాను. పెద్దాయన గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని, బొటనవేలితో అరచేయి మధ్యలో నొక్కాడు. ఆయన చెయ్యి కదలడం ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. మిగతావాళ్ళకి ఏమీ తెలియలేదు. ఆయన మెల్లిగా నా చెయ్యి వదిలేసి, నాకో చాయ్ పోయమని కొట్టతనికి చెప్పాడు.

ఆ బొటనవేలు నాకు తెలుసు. మొట్టమొదటి రోజు, ఢోలు మోగకముందే, పహిల్వాన్ కూడా సరిగ్గా అక్కడే నొక్కి చూశాడు. పెన్ను పట్టుకుని కుళాయిలు లెక్కపెట్టే చెయ్యి నాది, దూదిలా ఉంటుంది. గోదాలో బతికినవాడికి ఆ చెయ్యి అబద్ధం చెప్పలేదు. ఆయనకి ఆ రోజే తెలుసు. తెలిసే నవ్వాడు, తెలిసే బాదం తెచ్చాడు, తెలిసే ఉస్తాద్ జీ అన్నాడు. వచ్చి నిలబడండి చాలు అన్నది పొగరు కాదు. అంతకంటే ఏమీ అడగలేదు నన్ను. ఎదురుగా ఒక మనిషి నిలబడాలి, అంతే.

పెద్దాయన చాయ్ అందించి, బెంచీ మీద తన పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. గ్లాసు పట్టుకుని, ఆ రేకుల వైపు తిరిగి, చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.